జాబితాలో లేని డోర్‌మ్యాట్లు

సెప్టెంబరు 21, ఆదివారం

ఉతికిన బట్టలు 23. ఇస్త్రీ చేసినవి 9. తుడిచిన కిటికీలు 4, మిగిలినవి 2. పాల లెక్క సరిపోయింది. ఈయన నీలం చొక్కాకి పై గుండీ ఊడింది, కుట్టాలి: రేపు.

మధ్యాహ్నం మరిది భోజనానికి వచ్చాడు. వచ్చాడన్న మాటే గాని మనిషిలో మనిషి లేడు, పళ్ళెం ముందు కూర్చునే కునికిపాట్లు పడ్డాడు. అతను పనిచేసే ఫండు కంపెనీలో మూడు నెలలకోసారి, ఆఖరి పది రోజులూ ఇదే వరస. జనం దగ్గర డబ్బు తీసుకుని షేర్లు కొంటారు కదా, ఏమేం కొన్నారో నెలాఖరుకి జాబితా వేసి ఆ జనానికి పంపాలట. ఉన్నవి ఉన్నట్టు రాయడానికి పది రోజులెందుకని అడిగాను.

"ఉన్నది రాయడానికి కాదు వదినా, రాయదగ్గది ఉండేట్టు చెయ్యడానికి" అన్నాడు.

వాళ్ళ పెద్దాయన, అంటే ఆ డబ్బంతా ఎవరి చేతి మీదుగా తిరుగుతుందో ఆయన, వేసవిలో ఓ ఓడల కంపెనీ షేర్లు కొన్నాడట. అవి మునిగాయి. జాబితాలో ఓడలు కనపడితే ఏ బుద్ధితో కొన్నావని అడుగుతారు కాబట్టి, ఆఖరి వారంలో వాటిని అమ్మేసి, అందరూ మెచ్చుకుంటున్న కంపెనీలవి కొంటాడు. జాబితా చూసినవాళ్ళు పెద్దాయన ఎంత ముందుచూపున్నవాడో అనుకుంటారు. అది అబద్ధం కాదా అన్నాను.

"ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. ముప్ఫయ్యో తేదీన ఏమున్నాయో అవే రాస్తాం. ఇరవై తొమ్మిదిన ఏమున్నాయని ఎవరూ అడగరు."

మరి నష్టం ఎక్కడికి పోతుందన్నాను. అది మొత్తంలో ఉంటుందట, కానీ జనం పేర్లు చదువుతారు, మొత్తం దాకా వచ్చేసరికి అలిసిపోతారట. అమ్మినందుకూ కొన్నందుకూ కమీషన్ ఎవరు కడతారన్నాను. డబ్బు పెట్టినవాళ్ళే కడతారట.

ఛీ అనుకున్నాను. పైకి కూడా అన్నాను. అన్న సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సెప్టెంబరు 22, సోమవారం

తోమిన గిన్నెలు లెక్కపెట్టలేదు. మిగిలిన కిటికీలు 2 తుడిచాను. నీలం చొక్కా గుండీ: రేపు.

ఈ డైరీ కొత్తది. పాత పుస్తకంలోంచి నిల్వ ఎత్తి రాసుకోవడం నా అలవాటు కనుక మా మెట్ల సంఘం సంగతి కూడా ఎత్తి రాస్తున్నాను.

సభ్యులు ఎనిమిది మంది, అందరం ఈ భవనంలో ఆడవాళ్ళమే. నెలకు తలా నాలుగు వందలు, నాలుగేళ్ళుగా. ఆ డబ్బుతో షేర్లు కొంటాం. సమావేశం మూడు నెలలకోసారి, మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మెట్ల మీద. ఎవరింట్లోనైనా పెట్టుకుంటే ఆ ఇల్లు తుడవాలి, మెట్లయితే ఎవరివీ కావు. కార్యదర్శిని నేను. నియమాలు నా చేతి రాతే. రెండో నియమం: సంఘం వదలదలిచినవాళ్ళు మూడు నెలల చివరి వారంలో చీటీ ఇవ్వాలి, ఆఖరి రోజు విలువ ప్రకారం వాటా ఇస్తాం, ఆ వారం దాటితే మళ్ళీ మూడు నెలలు ఆగాలి. మూడో నియమం: సమావేశాల మధ్య ఏం కొనాలో కార్యదర్శి ఇష్టం.

ఆ మూడో నియమం రాసిన చేతిని ఏమనాలో తెలియడం లేదు.

జులైలో రెండో అంతస్తు టీచరుగారు, నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, బ్యాటరీల కంపెనీ కొందామన్నారు. చూద్దామని చెప్పి మర్నాడే నేను డోర్‌మ్యాట్ల కంపెనీవి కొన్నాను. ఒక్కోటి 140 చొప్పున మూడు వందల షేర్లు, 42,000. ఎందుకంటే మా గుమ్మంలో డోర్‌మ్యాట్ ఆ కంపెనీదే. తొమ్మిదేళ్ళయింది, ఒక్క పోగు లేవలేదు. అంత గట్టి సరుకు చేసేవాళ్ళు ఎలా చెడిపోతారు?

ఈ రోజు పేపర్లో వాటి ధర 61. బ్యాటరీలు అప్పుడు నూట యాభై, ఇప్పుడు మూడు వందలు.

ఈయనకి చెప్పాను. ఈయన నీటి మీటర్ల ఆఫీసులో పనిచేస్తారు, రోజుకి ఇన్ని మాటలని లెక్కపెట్టుకుని మాట్లాడతారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి డోర్‌మ్యాట్ కేసి కాసేపు చూశారు.

"తొమ్మిదేళ్ళు చిరగకపోతే రెండోది ఎవడు కొంటాడోయ్?"

జులైలో ఈ మాట ఎందుకు అనలేదని అడిగాను. జులైలో అడగలేదుగా అన్నారు.

సెప్టెంబరు 23, మంగళవారం

చుట్టాలు వస్తున్నారంటే ఉతకని బట్టలు మంచం కిందికి తోస్తాం. అది అబద్ధమా? కాదు. ఇల్లు శుభ్రంగా ఉండటమూ నిజమే, బట్టలు మంచం కింద ఉండటమూ నిజమే. చుట్టాలు మంచం కింద చూడకపోవడం వాళ్ళ మర్యాద.

నీలం చొక్కా: రేపు.

సెప్టెంబరు 24, బుధవారం

పెట్టెలు దించి దులిపాను, 3. మందుల సీసాలు తేదీలు చూసి పారేసినవి 5.

షేర్ల ఆఫీసుకి ఫోన్ చేసి డోర్‌మ్యాట్లు మూడు వందలూ అమ్మించాను. 18,300 వచ్చాయి. కమీషన్ 90. అమ్మించానని రాశాను గాని అమ్మడం కాదు. సర్దడం.

సెప్టెంబరు 25, గురువారం

బ్యాటరీలు ఒక్కోటి 305. అరవై వచ్చాయి. సరిగ్గా 18,300, ఒక్క పైసా తేడా లేదు. ఇంత చక్కగా కుదిరిన లెక్క తప్పయి ఉండదు. కమీషన్ 90.

షేర్ల ఆఫీసు గుమాస్తా "మీరూనా అమ్మా?" అన్నాడు. అదేమిటన్నాను. ఈ వారం పెద్ద పెద్ద ఫండువాళ్ళంతా బ్యాటరీలే కొంటున్నారట. పెద్దవాళ్ళ దారిలోనే నడుస్తున్నానన్నమాట.

సెప్టెంబరు 26, శుక్రవారం

మా సంఘంలోని దర్జీ అక్క కింది అంతస్తు నుంచి వచ్చి చీటీ ఇచ్చింది. కొలతలు రాసుకునే కాగితం వెనక రాసింది. సంఘం వదిలేస్తోంది.

కారణం కాజా మిషన్. చొక్కాలకి గుండీ పట్టే కంతలు, కాజాలు, ఇన్నాళ్ళూ ఆమె చేత్తోనే కుడుతోంది. బడి పిల్లల చొక్కాలు నూట ఇరవై కుట్టే పని దొరికింది, చొక్కాకి ఏడు కాజాలు. మిషన్ల షాపులో వాడిన కాజా మిషన్ ఒకటి ఉందట, 22,500. ఆమె కోసం అక్టోబరు 15 దాకా ఎవరికీ అమ్మకుండా ఉంచుతానన్నాడట షాపాయన.

ఆమె వాటా ఎంతవుతుందో ఆమె లెక్కేసుకోలేదు. నువ్వున్నావుగా చెల్లీ అంది.

సెప్టెంబరు 30, మంగళవారం

కుళాయి వాషరు మార్చిన ఖర్చు 35. దుప్పట్లు 4 ఉతికాను. మంచం కింద ఊడ్చాను.

జాబితా రాశాను. మొత్తం 1,83,820. తలా 22,977న్నర. పోయినసారి కంటే తక్కువ. మిగతా కంపెనీలు పెరిగి, నెలనెలా కట్టేవి కలిసి డోర్‌మ్యాట్ల నష్టాన్ని చాలావరకు కప్పేశాయి. మొదటి కాగితం మీద కంపెనీల పేర్లు, అన్నీ ఊరందరికీ తెలిసిన పేర్లే. బ్యాటరీలు అన్నిటికంటే పైన, అక్షరక్రమం ప్రకారం కాకపోయినా. మొత్తం రెండో కాగితం చివర.

కొన్న తేదీ, ఎన్ని కొన్నాం అనే గడులు ఈసారి గీయలేదు. కాగితం వెడల్పు చాలలేదు.

ఖర్చుల కాగితం ఎప్పటిలాగే నెలవారీగా రాశాను. కమీషన్లు: జులై 200, ఆగస్టు సున్నా, సెప్టెంబరు 180. ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టు రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

అక్టోబరు 4, శనివారం

మెట్లు 11 కడిగాను, ఎవరివీ కాకపోయినా.

సాయంత్రం నాలుగింటికి సమావేశం. టీచరుగారు పై మెట్టు మీద, ఒళ్ళో స్కేలు. మూడో అంతస్తు పిన్ని కింది మెట్టు మీద గోడకి ఆనుకుని. ఆవిడ జాబితా చదవదు, మొత్తం ఎంత అని ఒక్కటే అడుగుతుంది, చెప్పగానే మర్చిపోతుంది. మిగిలినవాళ్ళు మధ్యలో.

టీచరుగారు బ్యాటరీల పేరు చూసి చివరికి నా మాట విన్నావన్నమాట అన్నారు. నేను నవ్వాను. నవ్వు మాట కాదు, కాబట్టి అబద్ధం కాదు.

తర్వాత ఆవిడ స్కేలు పెట్టి ఒక్కో వరస కింద జరుపుకుంటూ చదివారు. ఖర్చుల కాగితం దగ్గర స్కేలు ఆగింది.

"అమ్మాయ్, సెప్టెంబరులో నూట ఎనభై కమీషన్ కట్టాం. ఏం అమ్మాం, ఏం కొన్నాం?"

చిన్న సర్దుబాటు టీచరుగారూ అన్నాను. ఊఁ అన్నారు. స్కేలు మాత్రం వెంటనే కదల్లేదు. తేలు కుట్టిన దొంగ ఎలా కూర్చుంటాడో ఈ రోజు అచ్చంగా తెలిసింది. మెట్టు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ఇంతవరకు జరిగినదానికి నేను సిద్ధపడే వెళ్ళాను. దర్జీ అక్క సంగతికే సిద్ధపడలేదు. ఆమె జాబితా రెండుసార్లు చదివి, నా చేతిలో ఉన్న తన చీటీ తిరిగి అడిగింది.

"ఇన్ని పేరున్న కంపెనీలు పెట్టుకుని నేనెక్కడికి పోతాను చెల్లీ? మూడు నెలలాగితే కొత్త మిషనే వస్తుంది."

మొత్తం చూడక్కా అని నోటి చివరి దాకా వచ్చింది. చూసింది, ఆమె మొత్తం కూడా చూసింది. ఇలాంటి కంపెనీలున్నాక అది పెరక్క ఎటు పోతుందంది. మరిది ఈ సంగతి చెప్పలేదు. మొత్తం చదివినవాళ్ళు కూడా పేర్లనే నమ్ముతారు.

చీటీ ఇచ్చేశాను. మినిట్స్ పుస్తకంలో రాశాను: చీటీ వెనక్కి తీసుకోవడమైనది. చేతి రాత బాగానే వచ్చింది.

అక్టోబరు 6, సోమవారం

బట్టలు 19. నీలం చొక్కా: రేపు. బ్యాటరీలు 291.

అక్టోబరు 7, మంగళవారం

278.

అక్టోబరు 8, బుధవారం

262. బీరువా సర్దాను. మళ్ళీ సర్దాను.

మరిదికి ఫోన్ చేశాను. బాగా నిద్రపోయిన గొంతుతో మాట్లాడాడు. బ్యాటరీలకి ఏమొచ్చిందని అడిగితే ఏమీ రాలేదన్నాడు. ఆఖరి వారంలో అందరు పెద్దాయనలూ జాబితా కోసం కొన్నారు కాబట్టి పెరిగిందట, జాబితాలు వెళ్ళిపోయాయి కాబట్టి అందరూ అమ్ముతున్నారట.

"వేసిన వేషం తియ్యాలి కదా వదినా. నువ్వు తియ్యలేదా?"

నాకెందుకూ, ఊరికే అడిగాను అన్నాను. ఆ ఓడలేమయ్యాయన్నాను. పెద్దాయన వాటిని మళ్ళీ కొన్నాడట, చవగ్గా.

ఛీ అనలేదు. ఆ మాట వాడుకునే హక్కు ప్రస్తుతానికి నాకు లేదు.

అక్టోబరు 9, గురువారం

బ్యాటరీలు 250. డోర్‌మ్యాట్లు అదే 61. ఎక్కడ వేస్తే అక్కడే పడి ఉండటంలో ఆ సరుక్కి సాటి లేదు.

దిండు గలీబులు తెచ్చుకోవడానికి దర్జీ అక్క దగ్గరికి వెళ్ళాను. బడివాళ్ళు చొక్కాలు నూట ఇరవై కాదు, రెండు వందల పది కావాలన్నారట, ఇరవయ్యో తేదీకి. ఏడు చొప్పున 1,470 కాజాలు. నోటితోనే లెక్క వేశాను, వేశాక ఎందుకు వేశానా అనుకున్నాను. ఆమె బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయ కాసి, కాయ పగిలింది. ఈ పని వదులుకుంటే వచ్చే ఏడు బడివాళ్ళు పిలవరంది. షాపులో కాజా మిషన్ ఉంది, పదిహేను తర్వాత ఇంకొకరు తీసుకుంటారట.

నా మొహం చూసి తనే నన్ను ఓదార్చింది.

"మూడు నెలలేగా చెల్లీ. నీ జాబితా గోడకి అంటించుకున్నా. ఓపిక పోయినప్పుడల్లా చదువుకుంటున్నా."

నిజంగానే అంటించింది. మిషన్ ఎదురుగా, కళ్ళెత్తితే కనపడేలా. పైన బ్యాటరీలు.

గలీబులు మర్చిపోయి వచ్చాను.

అక్టోబరు 10, శుక్రవారం

వంట తప్ప ఏ పనీ చెయ్యలేదు. వంట కూడా బాగాలేదు.

వంటింటి కిటికీలోంచి కింద మిషన్ చప్పుడు వినపడుతుంది. కాసేపు కుడుతుంది, తర్వాత చాలాసేపు వినపడదు. ఆ వినపడనంత సేపూ చేత్తో కాజాలు. ఆ చాలాసేపును గడియారం పెట్టి చూశాను. నలభై రెండు నిమిషాలు.

ఈయనకి మొత్తం చెప్పాను. అమ్మడం, కొనడం, గడులు గీయకపోవడం, చీటీ. ఈసారి సర్దడం అనే మాట వాడలేదు. ఈయన వాళ్ళ ఆఫీసు సంగతి చెప్పారు. తనిఖీకి పెద్ద ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే పైపుల కంతలన్నిటికీ గుడ్డలు కుక్కుతారట. తనిఖీ బ్రహ్మాండంగా జరుగుతుందట.

మర్నాడో అన్నాను.

"మర్నాడు గుడ్డలు తీసేవాడు సెలవు పెడతాడు. వీధంతా నీళ్ళు."

ఆయన చొక్కా పై గుండీ లేకుండానే ఆఫీసుకి వెళ్తున్నారని ఈ రోజు గమనించాను. అదే నీలం చొక్కా, మెడ దగ్గర గుండీకి బదులు సేఫ్టీ పిన్ను.

రేపు సాయంత్రం ప్రత్యేక సమావేశమని ఎనిమిది గుమ్మాలకి చీటీలు పెట్టాను. నా గుమ్మానికి కూడా పెట్టుకున్నాను, నియమం కాబట్టి.

అక్టోబరు 11, శనివారం

రెండు కాగితాలు జిగురుతో అతికిస్తే వెడల్పు చాలింది. ఎప్పుడైనా చాలేదే.

మెట్ల మీద రెండు జాబితాలు పరిచాను. ఒకటి సెప్టెంబరు 23 నాటిది, డోర్‌మ్యాట్లతో. రెండోది 30 నాటిది. రెంటికీ తేదీ గడి, సంఖ్య గడి. నిలబడే చదివాను. జులైలో ఎవరినీ అడక్కుండా 42,000 పెట్టి ఏం కొన్నానో, ఎందుకు కొన్నానో, ఎంతకి అమ్మానో, అది మీకు కనపడకుండా ఉండటానికి బ్యాటరీలు ఎంతకి కొన్నానో, అవి ఈ రోజు ఎంతో. మధ్యలో నీళ్ళు తాగడానికి ఆగుదామనుకున్నాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగలేదు.

చదవడం అయింది. ముందుగా మాట్లాడింది పిన్ని. తొమ్మిదేళ్ళు చిరగని డోర్‌మ్యాట్ ఎక్కడ దొరుకుతుంది అమ్మడూ, మాది ఆరు నెలలకోసారి మారుస్తున్నాం అంది. ఆ కంపెనీకి నాలుగు నెలల్లో నా కంటపడిన మొదటి గిరాకీ అదే.

టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పోయిన శనివారమే తెలిసింది అమ్మాయ్. జాబితాకి సున్నం కొట్టి ఖర్చుల కాగితంలో నిజం రాసేశావు. దొంగ లెక్క రాయాలంటే రెండు చోట్లా రాయాలి. నీకు ఆ విద్య రాదు."

మరి ఆ రోజే ఎందుకు అడగలేదన్నాను. తప్పు లెక్క చేసిన పిల్లకి దిద్దుకోవడానికి ఎప్పుడూ వారం గడువిచ్చేదాన్నన్నారు. ఈ రోజు సరిగ్గా వారం. నేను చీటీలు పెట్టకపోతే ఆవిడే పెట్టి ఉండేవారట, చీటీ రాసి సిద్ధంగా ఉంచుకున్నారు కూడా. చూపించారు. నా చీటీ కంటే పొందికగా ఉంది.

దర్జీ అక్క రెండు జాబితాలనీ చూస్తూ కూర్చుంది. ఆమె ఏదైనా అంటే బాగుండునని ఉంది. నేనే అన్నాను, అక్క చీటీ మళ్ళీ తీసుకోవాలని. పాత సెప్టెంబరు 26 తేదీ వేసి రాసుకుందామని ఎవరో అన్నారు. తేదీలతో ఆడుకున్నది చాలన్నారు టీచరుగారు. ఈ రోజు తేదీతోనే చీటీ రాయించారు, ఈ ఒక్కసారికి రెండో నియమం సడలించాలని చేతులెత్తించారు. ఎనిమిది చేతులూ లేచాయి. నాది ఎత్తొచ్చో లేదో తెలియక సగమే ఎత్తాను.

మిగతా కంపెనీలు కదల్లేదు కాబట్టి ఈ రోజు విలువ ప్రకారం తలా 22,565. బ్యాటరీల నష్టంలో ఆమె వంతు 412న్నర, కమీషన్లలో వంతు 22న్నర. నేను సర్దకుండా ఊరుకుని ఉంటే ఆమెకి 23,000 వచ్చేవి. తేడా 435. అది నా సొంత బాకీ అని చెప్పి, చిల్లర డబ్బా కిందకి తీసుకొచ్చాను. మిగిలినవాళ్ళు సంఘంలోనే ఉంటారు కాబట్టి బ్యాటరీలు పెరిగేదాకా కాచుకుంటామన్నారు. కమీషన్లో మా వంతు ఇరవై రెండున్నర మాకొద్దు, ఈ సమావేశం దానికంటే బాగుంది అంది పిన్ని.

దర్జీ అక్క డబ్బా మూత పెట్టేసింది.

"ఈ డబ్బాలోది మీ ఆయన జీతం. ఆయనేం చేశాడు? తప్పు చేసిన చెయ్యే పని చెయ్యాలి. మిషన్ కాజాలే కుడుతుంది, గుండీలు కుట్టదు. గుండీ కుడితే మామూలుగా ఎవరికైనా రూపాయి ఇస్తా."

గుండీకి రూపాయి చొప్పున 435 గుండీలు. ఒప్పుకున్నాను. మినిట్స్‌లో రాశాను. ఈసారి చేతి రాత బాగా రాలేదు.

టీచరుగారు నాలుగో నియమం పెట్టించారు. ఇకపై ఏ రోజు జాబితా కావాలో ఆవిడ అడుగుతారు, ముందుగా చెప్పరు.

అక్టోబరు 13, సోమవారం

కాజా మిషన్ వచ్చింది. 22,500. మిగిలిన 65 బండి కిరాయికి సరిపోయాయి. మొదటి కాజా ఓ పాత గుడ్డ మీద కుట్టి చూపించింది. నేను మూడు దాకా లెక్కపెట్టేలోపు అయిపోయింది. అక్క బొటనవేలి పీలిక తీసేసి చూసుకుంది.

గోడ మీద జాబితా అలాగే ఉంది. చింపెయ్యక్కా అన్నాను. వెనక వైపు ఖాళీగా ఉంది, కొలతలు రాసుకోవచ్చంది.

అక్టోబరు 14, మంగళవారం

వంట తొందరగా ముగించాను. గుండీలు 84, చొక్కాలు 12. అసలు 98 కుట్టాను గాని మొదటి రెండు చొక్కాలూ లెక్కలోకి రాలేదు. ముందు వైపు ముత్యాల్లా ఉన్నాయి గుండీలు. అక్క చొక్కా తిరగేసింది. వెనక దారం చిక్కులు, ముడి మీద ముడి, పిచ్చుక గూడులా.

"పైన పటారం, లోన లొటారం. నేను చొక్కా కొంటే ముందు వెనకే చూస్తా చెల్లీ."

ఆమె నవ్వుతూనే అంది. పద్నాలుగూ నేనే విప్పాను.

అక్టోబరు 15, బుధవారం

గుండీలు 98. మొత్తం 182. వెనక వైపు పర్వాలేదంది.

అక్టోబరు 16, గురువారం

గుండీలు 63. తక్కువ. కారణం: పొయ్యి మీద కూర ఉండగా టీచరుగారు తలుపు కొట్టి ఈ రోజు జాబితా ఇమ్మన్నారు. ఇచ్చాను. అందులో బ్యాటరీలు అరవై ఉన్నాయి, కొన్న తేదీ ఉంది, కొన్న ధర ఉంది, ఇప్పటి ధర 254 ఉంది. స్కేలు ఎక్కడా ఆగలేదు. ఆవిడ వెళ్తూ కూర మాడుతోందమ్మాయ్ అన్నారు. అది కూడా నిజమే.

అక్టోబరు 17, శుక్రవారం

గుండీలు 112. చొక్కాలు 16. చూపుడు వేలికి సూది పోటు 3. అక్క కాజాలు, నేను గుండీలు. మాటలు కలిశాయి. వాళ్ళింట్లో ఆడపడుచు సంగతులు చెప్పింది, ఇక్కడ రాయను.

మరిది ఫోన్ చేశాడు. పెద్దాయన జాబితా బాగా మెచ్చుకున్నారట, ఇంకా చాలామంది డబ్బు పెట్టారట. వచ్చే డిసెంబరు దాకా తిండికి వస్తానన్నాడు. రమ్మన్నాను. చొక్కా తిరగేసి చూసే అలవాటు మీ ఆఫీసులో ఎవరికైనా ఉందా అని అడిగాను. అర్థం కాలేదన్నాడు. ఆదివారం చెప్తానన్నాను.

అక్టోబరు 18, శనివారం

బట్టలు 21. మంచం కింద బట్టలు లేవు, చూశాను.

గుండీలు 77, చొక్కాలు 11. అన్నీ కలిపి 62 చొక్కాలు, 434 గుండీలు. ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుందని నాకు పదకొండో తేదీనే తెలుసు. అరవై మూడో చొక్కా తీసి ఒక్క గుండీ కుట్టబోయాను. అక్క ఆ చొక్కా లాక్కుంది, ఒక్క గుండీ కుట్టి వదిలేస్తే తనకి తర్వాత లెక్క తప్పుతుందట. పోనీ ఏడూ కుడతాను అన్నాను. అప్పుడు తను నాకు ఆరు బాకీ పడుతుందట, బాకీలంటే తనకి పడదట.

డబ్బాలోంచి తెల్ల గుండీ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇది ఇంటికి తీసుకెళ్ళు. మీ ఆయన సేఫ్టీ పిన్నుతో తిరగడం వారం నుంచీ చూస్తున్నా. నేను దర్జీని, ఆ మాత్రం కనపడదా?"

ఇంటికొచ్చి ఈయన్ని కదలకుండా నిలబెట్టి, ఒంటి మీద ఉండగానే కుట్టాను. నీలం చొక్కాకి తెల్ల గుండీ. అద్దంలో చూసుకుని బాగుందోయ్ అన్నారు. చొక్కా విప్పించి తిరగేసి చూపించాను. వెనక కూడా బాగుంది.

నీలం చొక్కా గుండీ: 1. దర్జీ అక్కకి బాకీ 435 గుండీలు, ఈ రోజుతో చెల్లు.